సీసా మీది రాత

డోంగ్లిలో మా పెద్దమ్మ ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఇంకో గూడు ఉంటుంది. మందుల గూడు. జండూబామ్ సీసా, పాత చీటీలు, ఆర్ఎంపీ ఇచ్చిన గోలీల పొట్లాలు, ఎప్పుడో ఖాళీ అయిన సిరప్ బుడ్లు, అన్నీ అందులోనే. మొన్నటేడు పండక్కి వెళ్లినప్పుడు ఆ గూడు సర్దుతుంటే ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికొచ్చింది. పైన పచ్చని ఆకు బొమ్మ, దాని కింద ఎర్రగా మెరిసే మోకాలు. హిందీలో పెద్దక్షరాలు, ఇంగ్లిష్‌లో చిన్నక్షరాలు. షుగర్, కీళ్లవాతం, కిడ్నీలో రాళ్లు, పక్షవాతం: అన్నింటికీ ఈ ఒక్క పొడే చాలట. సైడ్ ఎఫెక్టులు అసలే లేవట.

"ఇది దేనికి పెద్దమ్మా?" అని అడిగాను.

"అది షుగర్ దవా బిడ్డా. డబ్బా మీదనే రాసి ఉన్నది గద."

మా పెద్దమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, మరాఠీ ఇంకా బాగా వచ్చు. చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు. డబ్బా అమ్మినవాడు వేలు పెట్టి చూపించి చదివాడు, ఆమె నమ్మింది. నమ్మి, నాలుగు నెలలు షుగర్ గోలీలు మానేసింది. కాలికి తగిలిన చిన్న దెబ్బ మానలేదు. బాన్సువాడ తీసుకెళ్లారు, అక్కణ్ణుంచి నిజామాబాద్ పొమ్మన్నారు. రెండు వేళ్లు తీసేశారు. ఇప్పుడామె గోలీలు వేసుకుంటోంది. డబ్బాను మాత్రం పారేయలేదు, "పైసలు పెట్టి కొన్నది" అని.

డబ్బాలో ఏముందో నాకు తెలియదు. ఆమెను ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది లోపలి పొడి కన్నా ఎక్కువగా పైన ఉన్న ఆ నాలుగు మాటలు. ఆ మాటలు అలా రాయడం నేరమా? నేరమైతే ఎప్పటినుంచి? తిరిగొచ్చాక వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఇది వైద్యం చరిత్ర కంటే ఎక్కువగా మాటల చరిత్రలా కనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు సులువుగానే దొరికింది. నేరమే. 1955 ఏప్రిల్ 1 నుంచి నేరం. ఆ రోజు అమల్లోకొచ్చిన చట్టం పేరు ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం, 1954. అప్పటికి ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. డోంగ్లి చుట్టుపక్కల బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకా కింద ఉండేవి. 1956 నవంబర్‌లో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి, 2014లో తెలంగాణ అయింది, 2016లో కామారెడ్డి జిల్లా అయింది, 2022లో డోంగ్లి స్వయంగా మండలమైంది. ఇన్ని గీతలు మారినా చట్టం మారలేదు. డబ్బా మీది మాటలూ మారలేదు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. మందు మీద అబద్ధం రెండు రకాలు. లోపల ఏముందో చెప్పడంలో అబద్ధం ఒకటి, అది ఏం చేస్తుందో చెప్పడంలో అబద్ధం ఇంకొకటి. మొదటిది పట్టుకోవడానికి ప్రయోగశాల చాలు. రెండోదే ప్రపంచమంతటా ప్రభుత్వాలకు చిక్కుముడి. అమెరికాలో 1906లో ఆహార, ఔషధాల చట్టం వచ్చింది. దాని కింద ప్రభుత్వం జాన్సన్ అనే ఒకాయన మీద కేసు పెట్టింది, క్యాన్సర్ తగ్గుతుందని మందు మీద రాసుకున్నందుకు. 1911లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన్ని వదిలేసింది. మెజారిటీ తీర్పు రాసినవాడు హోమ్స్, న్యాయశాస్త్రంలో పెద్ద పేరు. ఆయన తర్కం ఇది: సీసాలో ఏముందో అబద్ధం చెబితే చట్టానికి దొరుకుతారు. నయమవుతుందా లేదా అన్నది అభిప్రాయాల సంగతి, దాన్ని ఈ చట్టం ముట్టుకోలేదు. మరుసటి ఏడాదే, 1912లో, షెర్లీ సవరణ తెచ్చి నయం చేస్తామనే అబద్ధాన్నీ నేరం చేశారు. కానీ అందులో ఒక కిటుకు ఉండిపోయింది, మోసం చేయాలనే ఉద్దేశం ఉందని నిరూపించాలి. 'నేను నిజంగానే నమ్మాను సార్' అంటే తప్పించుకోవచ్చు. ఆ సందు పూడ్చడానికి 1938 దాకా పట్టింది.

మన దగ్గరా దారి ఇంచుమించు ఇదే. 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ కమిటీ వేశారు. అప్పటి మన బజార్లో నకిలీ మందులకూ నాసిరకం మందులకూ అడ్డూ అదుపూ లేదు. 1931లో నివేదిక వచ్చింది, 1940లో ఔషధ చట్టం వచ్చింది. దాని చూపంతా లోపలి సరుకు మీదే: నాణ్యత, కల్తీ, లైసెన్సు. పైనున్న మాటల కోసం విడిగా ఒక చట్టం కావాలని స్వతంత్ర భారతం అనుకుంది. అదే 1954 చట్టం.

ఆ చట్టంలో ప్రకటన అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివి నేను కాసేపు ఆగిపోయాను. నోటీసు, సర్క్యులర్, లేబుల్, చుట్టిన కాగితం, ఏ పత్రమైనా సరే ప్రకటనే. నోటితో చెప్పినా ప్రకటనే. వెలుగుతో, శబ్దంతో, ఆఖరికి పొగతో చెప్పినా ప్రకటనే. ఆకాశంలో విమానాలు పొగతో అక్షరాలు రాసే కాలం మరి. అంటే మా పెద్దమ్మకు వేలు పెట్టి చదివి వినిపించినవాడు కూడా చట్టం లెక్కలో ప్రకటనకర్తే. చట్టం రాసినవాళ్లకు చదువు రాని కొనుగోలుదారు గుర్తున్నట్టే ఉంది.

సాహిత్యం చదివే మనం ఈ కథను గట్టు మీద నిలబడి చూసే వీల్లేదు. తెలుగు పత్రికల పుట్టుకలోనే మందు వాసన ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు సంపాదనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నిలబెట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక చేసింది, 1924లో 'భారతి'ని తెచ్చింది. కె.ఎన్. కేసరి కథా అలాంటిదే. మద్రాసులో కేసరి కుటీరం, స్త్రీల మందు లోధ్ర, వాటి వెనకే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక, తర్వాత రచయిత్రులకు స్వర్ణకంకణం. ఆ మందులు మోసమని నేను అనడం లేదు. నేననేది ఒకటే: మనం గర్వంగా చెప్పుకునే పేజీలకూ మందు సీసాలకూ జేబు ఒకటే. పాత సంచికలు తిరగేస్తే కథకూ కథకూ మధ్య రకరకాల కంపెనీల ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. బలహీనత, నరాల నిస్సత్తువ, స్త్రీల రోగాలు, సంతానలేమి. పాఠకుడు కథనూ ప్రకటననూ ఒకే అచ్చులో, ఒకే నమ్మకంతో చదివాడు.

ఆ ప్రకటనల పక్కన 1954 చట్టం జాబితా పెట్టి చూస్తే ఒక ఆశ్చర్యం. షెడ్యూల్లో 54 రోగాలు, పరిస్థితులు ఉన్నాయి. క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం, క్షయ, కుష్ఠు, కీళ్లవాతం, కిడ్నీలో రాళ్లు. వీటితోపాటే హిస్టీరియా, నరాల బలహీనత, స్త్రీల రోగాలు అన్నీ, జ్వరాలు అన్నీ, లైంగిక అసమర్థత, మనిషి ఎత్తు, స్త్రీల వక్షోజాల ఆకృతి. మశూచి లోకం నుంచే పోయిందని 1980లో ప్రకటించారు కదా, ఈ జాబితాలో మాత్రం ఇంకా ఉంది. నాకు దీన్ని రోగాల పట్టికలా చదవబుద్ధి కాలేదు. ఒక సమాజం దేనికి భయపడుతుందో, దేనికి సిగ్గుపడుతుందో రాసిపెట్టిన పట్టిక ఇది. డాక్టర్ ముందు నోరు విప్పలేని ప్రతి చోటా లేబుల్ మాట్లాడుతుంది.

ఈ చట్టంలో ఇంకో ముఖ్యమైన సంగతుంది. మూడో సెక్షన్ ప్రకారం ఈ రోగాలకు మందు అని జనానికి ప్రకటించడమే నేరం. ఆ మాట నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదు. అబద్ధాలకు నాలుగో సెక్షన్ వేరే ఉంది. తాయెత్తులు, మంత్రాలు, కవచాలకు అయిదోది. మూడో సెక్షన్ ఉద్దేశం, ఇలాంటి రోగాలకు మనిషి తనకు తానే వైద్యం చేసుకోకూడదని. భావప్రకటన స్వేచ్ఛ మీద ప్రాణం పెట్టుకున్న మనలాంటివాళ్లకు ఇక్కడ గొంతులో ముల్లు పడాలి. నిజం చెప్పినా నేరమేమిటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లున్నారు. ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానా ఇంకొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959 డిసెంబర్ 18న జస్టిస్ జె.ఎల్. కపూర్ రాసిన తీర్పు వచ్చింది. ప్రకటన కూడా మాటే, కానీ సరుకు అమ్ముకోవడానికి వాడే మాట వ్యాపారంలో భాగం, దానికి రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చే వాక్ స్వాతంత్ర్యపు రక్షణ లేదు అంది కోర్టు. చట్టం నిలబడింది. కానీ రెండు చోట్ల కోర్టు ప్రభుత్వం చెయ్యి వెనక్కి లాగింది. ఏ రోగాన్నైనా ఇష్టమొచ్చినట్టు నిబంధనల్లో చేర్చుకునే అధికారాన్ని కొట్టేసింది. పట్టుకుపోయే అధికారానికి హద్దుల్లేవని ఎనిమిదో సెక్షన్‌నూ కొట్టేసింది.

1963లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ రెండింటినీ సరిచేసింది. రోగాల షెడ్యూల్ చట్టంలోకి వచ్చింది అప్పుడే. కొత్త ఎనిమిదో సెక్షన్లో ఒక వాక్యం నాకు చాలా ఇష్టం. అధికారి ప్రకటన ఉన్న వస్తువును పట్టుకోవచ్చు. లోపలి సరుకును కూడా పట్టుకోవచ్చు, ఎప్పుడంటే, ఆ ప్రకటనను వస్తువు నుంచి విడదీస్తే వస్తువు చెడిపోతుందనో అమ్ముడుపోదనో అయినప్పుడు. అంటే చట్టం కూడా ముందు మాటనే పట్టుకోవాలని చూస్తుంది. మాట సీసాకు అతుక్కుపోయి ఉంటేనే సీసా జోలికి వెళ్తుంది.

వాక్ స్వాతంత్ర్యం గొడవ అక్కడితో ఆగలేదు. 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు, వ్యాపార ప్రకటనకూ వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుందంది. అయితే మోసపుచ్చే ప్రకటనకు ఆ గొడుగు లేదని కూడా అప్పుడే చెప్పింది. ఇప్పుడు మనం ఉన్నది ఈ రెండు తీర్పుల మధ్య.

మరి ఆ డబ్బాకు లైసెన్సు ఎలా వచ్చి ఉంటుంది? లేబుల్ మీద లైసెన్సు నంబరు ఉంది మరి. 1964 సవరణతో ఆయుర్వేద, యునాని మందులు ఔషధ చట్టం కిందికి వచ్చాయి. చట్టానికి మొదటి షెడ్యూల్ అని ఒకటుంటుంది. అది పుస్తకాల జాబితా. చరక సంహిత, సుశ్రుత సంహిత, మనకు బాగా తెలిసిన బసవరాజీయం, ఇలాంటి గ్రంథాలన్నీ అందులో ఉన్నాయి. ఆ గ్రంథాల్లో చెప్పిన ద్రవ్యాలు వాడి కంపెనీ తన సొంత మిశ్రమం చేసుకుంటే 'ప్రొప్రయిటరీ' మందుగా లైసెన్సు అడగొచ్చు. పుస్తకం మీద ఇంత భరోసా పెట్టిన చట్టం ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. అయితే లైసెన్సు తయారుచేసి అమ్ముకోవడానికి. 54 రోగాల్లో దేన్నైనా నయం చేస్తానని డబ్బా మీద రాసుకోవడానికి అది అనుమతిపత్రం కాదు. కొనేవాడికి ఈ తేడా ఎవరు చెప్పాలి? నంబరు చూడగానే 'గవర్నమెంటు ఒప్పుకున్నది' అనుకుంటాడు.

ఈ సందు పూడ్చడానికి 2018 డిసెంబర్‌లో కేంద్రం 170వ నిబంధన తెచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల ప్రకటనలకు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి ముందుగా ఒప్పుకుని ఒక నంబరు ఇవ్వాలి. తర్వాత జరిగింది చూడండి. 2023 ఆగస్టులో ఆ నిబంధన కింద చర్యలు తీసుకోవద్దని అదే కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పతంజలి ప్రకటనల మీద ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వేసిన కేసు అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. 2024లో ఆ కేసు దేశమంతా మారుమోగింది, కంపెనీ పత్రికల్లో క్షమాపణలు వేసింది. అదే ఏడాది జూలై 1న కేంద్రం 170వ నిబంధననే తీసేసింది. ఆగస్టులో కోర్టు ఆ తీసివేత మీద స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగిసింది, స్టే పోయింది. మిగిలింది మళ్లీ 1954 చట్టమే. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా. దీన్ని కఠినం చేస్తూ 2020లో ఒక ముసాయిదా వచ్చింది. రోగాల జాబితా 78కి, మొదటి తప్పుకు జైలు రెండేళ్లకు, జరిమానా 10 లక్షలకు పెంచాలని. అది చట్టం కాలేదు.

తెలంగాణలో ఈ పాత చట్టాన్ని బయటికి తీసి వాడుతున్నది డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్, అందరూ డీసీఏ అనే శాఖ. ఈ మధ్య సంవత్సరాల్లో జిల్లా పేజీల్లో ఈ వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మెడికల్ షాపుకు వెళ్తారు, అరల్లోని లేబుళ్లు చదువుతారు, కిడ్నీలో రాళ్లనో, కీళ్లవాతాన్నో, జ్వరాన్నో, షుగర్‌నో తగ్గిస్తామని రాసినవి స్వాధీనం చేసుకుంటారు. చాలాసార్లు తయారీదారు ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. వార్త నాలుగు లైన్లే, ఎవరూ పెద్దగా చదవరు. కానీ నాకు ఆ దృశ్యం బాగుంటుంది. ఒక ప్రభుత్వోద్యోగి షాపులో నిలబడి, మనలో ఎవరం చదవని చిన్నక్షరాలను మన తరఫున చదవడం. ఇది కూడా పుస్తక సమీక్షే. నచ్చకపోతే ప్రతులన్నీ పట్టుకుపోతారు, అంతే తేడా.

దీనికి హద్దులూ ఉన్నాయి. పట్టుకున్న లేబుల్ మారుతుంది, నోరు మారదు. హైదరాబాద్‌లో మృగశిర కార్తె రోజు కొర్రమీను పిల్లతో మింగించే ఆస్తమా మందు సంగతే తీసుకోండి. ఒకప్పుడు అందరూ దాన్ని చేపమందు అనేవాళ్లు. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు ఇది మందెలా అవుతుందని ప్రశ్నించాయి, గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఇప్పుడు దాని పేరు చేప ప్రసాదం. చేప అదే, క్యూ అదే. మందు అనే మాట ఒక్కటే తప్పుకుంది. మందు అంటే రుజువు అడుగుతారు, ప్రసాదం అంటే ఎవరు అడుగుతారు? మాటను కట్టడి చేసే చట్టానికి దొరకకుండా ఉండటానికి దారి కూడా మాటలోనే దొరుకుతుంది. డబ్బాల మీదా ఇదే జరుగుతోంది. 'నయం చేస్తుంది' పోయి 'తోడ్పడుతుంది' వస్తుంది. 'షుగర్' పోయి 'షుగర్ ఉన్నవారికి మేలు' వస్తుంది. వినేవాళ్ల చెవిలో మాత్రం రెండూ ఒకటే.

అయినా మూడో సెక్షన్ గురించి నా గొంతులో ముల్లు కొంత మెత్తబడింది. నిజమైన మాటను కూడా ఆపుతుంది కదా అన్న అభ్యంతరం ఇంకా ఉంది. కానీ స్వేచ్ఛగా మాట్లాడుకోవడానికి ఇద్దరు కావాలి, ఎదుటివాడికి తిరిగి ప్రశ్నించే అవకాశం ఉండాలి. దెగ్లూరు బజారుకూ బాన్సువాడ ఆసుపత్రికీ మధ్య బతికే మనిషికి, డాక్టర్ దగ్గరికెళ్తే ఒక రోజు కూలి పోయే మనిషికి, తాను చదవలేని భాషలో ఉన్న డబ్బాతో వాదించే వీలు ఎక్కడుంది? అక్కడ చట్టం ఆమె తరఫున మాట్లాడుతోంది. ఆలస్యంగా, నసుగుతూ, ఆరు నెలల శిక్షతో. కానీ మాట్లాడుతోంది. డబ్బా కొనాల్సిన అవసరం రాకుండా చేయడం, అంటే ఊరి దగ్గర షుగర్ గోలీలు ఆగకుండా దొరికేలా చూడటం, ఈ చట్టం చేయగలిగింది కాదు. అది వేరే లెక్క, ఆ బాకీ అలాగే ఉంది.

పోయిన నెల మళ్లీ వెళ్లాను. డబ్బా ఆ గూట్లోనే ఉంది. ఈసారి పక్కన కూర్చుని లేబుల్ మొత్తం తెలుగులో చదివి వినిపించాను. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ద్రవ్యాల పేర్లు, రోగాల పేర్లు, అన్నీ. ఇలా రాయడం తప్పని 70 ఏళ్ల కింద చట్టం చేశారని కూడా చెప్పాను. పెద్దమ్మ శ్రద్ధగా విన్నది. చివర్లో ఒక్కటే అడిగింది.

"తప్పయితే రాయనిచ్చుడెందుకు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె డబ్బా తీసుకుని, మిగిలిన పొడిని పెరట్లో జామచెట్టు మొదట్లో పోసింది. డబ్బా కడిగి ఎండలో పెట్టింది. ఇప్పుడందులో ఆవాలు పోసుకుంటోంది. లేబుల్ ఇంకా ఊడలేదు.